దెబ్బ తగలకుండానే పగిలిన చెల్లో: తొమ్మిది వాద్యాల రవాణా, నిల్వపై ఒక కేస్ స్టడీ

నాలుగో నంబరు క్రేటు మూత తీసినప్పుడు అక్కడున్న అందరి చూపూ ముందు షాక్ లేబుల్ మీదికే వెళ్లింది. 50 జీ కుదుపు, అంటే భూమ్యాకర్షణకు 50 రెట్ల కుదుపు తగిలితే ఎర్రగా మారాల్సిన ఆ లేబుల్ తెల్లగానే ఉంది. క్రేటు మూలలు చితకలేదు, ఫోమ్ దిమ్మెలు నలగలేదు, లోపలి గట్టి కేసు మీద గీత కూడా లేదు. కేసు తెరిచాక మాత్రం లోపలున్న చెల్లో (వయొలిన్ జాతిలోని పెద్ద వాద్యం) ముందు పలక కింది అంచున జిగురు వదిలి, వేలిగోరు దూరేంత సందు కనిపించింది. తీగల కింది కొసలను పట్టుకునే టెయిల్‌పీస్‌ను కట్టి ఉంచే తీగ కింది అంచు దాటే చోట ఒక నల్లటి ఎబొనీ ముక్క ఉంటుంది. దాన్ని శాడిల్ అంటారు. ఆ ముక్క కుడి మూలనుంచి మొదలై, చెక్క నార వెంబడే పైకి, 11 సెంటీమీటర్ల పొడవున ఒక చీలిక ఉంది. ఆ తర్వాత తెరిచిన ఆరో క్రేటులో వీణ చెక్కుచెదరలేదు గానీ, దాని మెట్లు మైనంలో ఒకే పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. మిగిలిన ఏడు వాద్యాలూ క్షేమంగా ఉన్నాయి.

క్రేటును ఎక్కడో ఎత్తి పడేసి ఉంటారని చెల్లో యజమాని అన్నారు. మొదట నేనూ అదే అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా సున్నితమైన సరుకు ప్యాకింగ్ చేస్తున్నవాడికి ఏది పగిలినా ముందు ఫోర్క్‌లిఫ్ట్ మీదికే అనుమానం పోతుంది. కానీ క్రేట్లలో పెట్టిన డేటా లాగర్ల రికార్డు ఇంకో కథ చెప్పింది. ఆ కథలో కొంత భాగానికి బాధ్యుణ్ని నేనే కాబట్టి, ఈ కేసును దాచకుండా రాస్తున్నాను.

సరుకు, దారి

ఒక చిన్న వాద్యబృందం తన వాద్యాలను సముద్రం మీదుగా ఇంకో ఖండానికి పంపి, అక్కడ కొత్త వేదిక సిద్ధమయ్యే దాకా నాలుగు నెలలు గోదాములో ఉంచమని మాకు అప్పగించింది. ఒకటో క్రేటులో డబుల్ బేస్, రెండో క్రేటులో గిటార్, మూడు, నాలుగు క్రేట్లలో ఒక్కో చెల్లో, అయిదో క్రేటులో నాలుగు వయొలిన్లు, ఆరో క్రేటులో వీణ పెట్టాం. విమానంలో ఎందుకు పంపలేదంటే, వాద్యాలు తూకానికి తేలిక, చోటుకు బరువు. విమాన సరుకులో పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించగా వచ్చే అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే, ఆ అంకె మీదే ఛార్జీ వేస్తారు. 140, 60, 45 సెంటీమీటర్ల చెల్లో క్రేటు ఆ లెక్కన 63 కిలోలకు తేలుతుంది. చెల్లో, కేసు, క్రేటు అన్నీ కలిపి తూచినా అందులో సగమే. 210, 90, 70 సెంటీమీటర్ల డబుల్ బేస్ క్రేటైతే 220 కిలోలు దాటుతుంది. బృందానికి తొందర లేదు, నాలుగు నెలల నిల్వ ఎటూ తప్పదు, కాబట్టి సముద్రమార్గమే సబబనిపించింది.

కాగితాల దగ్గర ఒక వాద్యం ఆగిపోయింది. మొదటి జాబితాలో రెండు గిటార్లుండేవి. పాతదాని వెనుక పలక బ్రెజిలియన్ రోజ్‌వుడ్. డాల్బెర్జియా నైగ్రా అనే ఆ జాతి, అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో, అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలో 1992 నుంచి ఉంది. మిగిలిన రోజ్‌వుడ్ జాతులన్నిటినీ 2017లో రెండో అనుబంధంలో చేర్చి, పూర్తిగా తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు అన్ని రోజ్‌వుడ్‌లకూ వర్తిస్తుందని చాలామంది పొరబడతారు, నైగ్రాకు వర్తించదు. యజమాని దగ్గర పాత కొనుగోలు రుజువులేవీ లేకపోవడంతో ఆ గిటార్‌ను ఇంట్లోనే ఉంచేయమన్నాం. కమానుల సంగతీ ఇంతే జాగ్రత్తగా చూడాలి. మంచి కమానులకు వాడే పెర్నంబుకో 2007లో రెండో అనుబంధంలో చేరింది. పాత కమానుల కొసన ఏనుగు దంతపు తునక, పట్టుకునే చోట తాబేటి చిప్ప ఉండడమూ మామూలే. ప్రతి కమానునూ భూతద్దంతో చూసి, దేనితో చేసిందో రాసుకున్న తర్వాతే ప్యాక్ చేశాం.

క్రేట్లకు పచ్చి చెక్క వాడకుండా ప్లైవుడ్ వాడడం కూడా కావాలని చేసిన పనే. అంతర్జాతీయ సరుకులో మామూలు చెక్క ప్యాకింగ్‌ను చెక్కతో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన ఐఎస్‌పీఎం 15 నియమం ప్రకారం చెక్క గుండెలో 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు నిలిచేలా కాచాలి, లేదా మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించడం లాంటి ఇంకో పద్ధతి వాడాలి; అలా చేసినట్టు ముద్ర లేకపోతే చేరే రేవులో సరుకు మొత్తానికి పొగ పట్టించే ప్రమాదం ఉంది. మిథైల్ బ్రోమైడ్ గంధకం ఉన్న పదార్థాలతో కలిసి కుళ్లు వాసన పుట్టిస్తుంది: కమానులోని గుర్రపు వెంట్రుకలు, ఉన్ని ఫెల్ట్, తోలు, రబ్బరు అన్నీ ఆ కోవలోవే. జిగురుతో వేడికింద అతికించిన ప్లైవుడ్‌కు ఆ నియమంలో మినహాయింపు ఉంది. కింద ప్యాలెట్ కాళ్లకు మాత్రం ముద్ర ఉన్న చెక్క వాడాం.

దెబ్బకు సిద్ధం చేసిన తీరు

ఈ భాగంలో మా పని బాగానే ఉందని ఇప్పటికీ అంటాను. ఒక వస్తువు ఎంత ఎత్తు నుంచి పడిందో, పడ్డాక ఎంత దూరంలో ఆగిందో ఆ రెంటి నిష్పత్తే దానికి తగిలే సగటు కుదుపు. 60 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన కేసును ఫోమ్ రెండున్నర సెంటీమీటర్లు అణిగి ఆపితే సగటు కుదుపు 24 జీ. గరిష్ఠ విలువ దానికి దాదాపు రెట్టింపు. అదే కేసు గట్టి అట్ట మీద అర సెంటీమీటరులో ఆగితే సగటే 120 జీ. అంటే ఫోమ్ ఎంత మందం ఉందన్నది కాదు ప్రశ్న, అది ఎంత అణుగుతుందన్నది. పదకొండు కిలోల చెల్లో కేసు చుట్టూ ఖాళీ లేకుండా ఫోమ్ కూరితే, అంత తక్కువ బరువుకు అంత పెద్ద ఫోమ్ అణగదు. అది మెత్తటి గోడలా కాకుండా గట్టి గోడలా పనిచేస్తుంది. అందుకే ఘనమీటరుకు 30 కిలోల సాంద్రత ఉన్న పాలిథిలీన్ ఫోమ్‌ను దిమ్మెలుగా కోసి, కేసు బలంగా ఉన్న ఎనిమిది చోట్ల మాత్రమే ఆనించి, తక్కిన చోట ఖాళీ వదిలాం.

కేసు లోపల పని ఇంకా సున్నితం. చెల్లో తీగలను రెండు స్వరాల దాకా వదులు చేశాం గానీ పూర్తిగా తీసేయలేదు. లోపల ముందు పలకకూ వెనుక పలకకూ మధ్య నిలబడే సౌండ్‌పోస్ట్‌కు జిగురుండదు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. తీగలు పూర్తిగా విప్పితే అది పడిపోతుంది, పడిన కడ్డీ లోపల దొర్లుతుంది. తీగలను పలక మీద ఎత్తి పట్టే బ్రిడ్జి పడినా టెయిల్‌పీస్ పలకను గీకకుండా దాని కింద మడతపెట్టిన మెత్తని గుడ్డ పెట్టాం, ఫింగర్‌బోర్డు చివర కింద ఇంకో మడత. కింది ఇనుప ముల్లును పూర్తిగా తీసి వేరే సంచిలో కట్టాం. కమానుల వెంట్రుకలు వదులు చేసి, కేసులోంచి తీసి గొట్టాల్లో వేశాం. కుదుపుకు ఊడిన కమాను కేసులో సుత్తిలా కొడుతుందని ఒకసారి చూసినవాళ్లు మళ్లీ మరిచిపోరు. గిటార్‌కు మెడ కింద ఆసరా ఇచ్చి, తల మాత్రం కేసు చివరకు తగలకుండా గాలిలో ఉంచాం. వెనక్కి వంగి ఉండే ఆ తల, గిటార్ వెల్లకిలా పడినప్పుడు తన బరువుకు తానే విరుగుతుంది.

తేమ విషయం దగ్గరే చెయ్యి జారింది. కంటైనర్‌లో నీరు పట్టడం నాకు కొత్త కాదు. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిని కంటైనర్‌లో మూసేస్తే, ఇనుప పైకప్పు 25 డిగ్రీలకు చల్లబడగానే దాని లోపలి వైపు చెమట పడుతుంది. రాత్రి సముద్రం మీద ఆ చల్లదనం రావడం పెద్ద విషయం కాదు. అందుకని ఒక్కో క్రేటులోని కేసును, వయొలిన్లకైతే నాలుగు కేసులనూ కలిపి, అల్యూమినియం పొర ఉన్న ఒకే సంచిలో వేసి, అంచులు వేడితో అతికించి, సంచి లోపల కిలోన్నర పొడి సిలికా జెల్ పెట్టాం. డబుల్ బేస్ పట్టేంత సంచి దొరక్క దాన్ని అట్లాగే క్రేటులో ఉంచాం. మూడో క్రేటు చెల్లో యజమాని ఆ సిలికా జెల్ వద్దన్నారు. తేమ తగ్గితే ఇచ్చి, పెరిగితే పీల్చుకునే, 49 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు ఆరు తెచ్చి తన కేసులో పెట్టుకున్నారు. అప్పట్లో అది నాకు కళాకారుల మొండితనంలా తోచింది.

లాగర్లు చెప్పినది

ప్రతి క్రేటులో గంటకోసారి వేడిమి, తేమ, తగిలినప్పుడల్లా కుదుపు నమోదు చేసే లాగర్ ఉంది. ముప్పై ఒక్క రోజుల ప్రయాణంలో నాలుగో క్రేటుకు తగిలిన అతి పెద్ద కుదుపు 19 జీ, అదీ లారీలోకి ఎక్కించిన రోజున. నిల్వ ఉన్న నాలుగు నెలల్లో 3 జీ దాటినదే లేదు. దెబ్బ కథ అక్కడితో అయిపోయింది.

తేమ గీత మాత్రం సంచి అతికించిన రోజునుంచే దిగడం మొదలుపెట్టింది. 51 శాతం దగ్గర మొదలై, పదో రోజుకు 35, నెల తిరిగేసరికి 27, ఆ తర్వాత 24 శాతం దగ్గర నిలబడి, తెరిచే దాకా అక్కడే ఉంది. మూడో క్రేటు 47కీ 50కీ మధ్య కదలకుండా ఉంది. నాలుగు వయొలిన్లున్న అయిదో క్రేటులో అదే కిలోన్నర జెల్‌కు లోపల చెక్క, కేసుల లోపలి బట్ట ఎక్కువ ఉండడంతో 37 దగ్గర ఆగింది. గిటార్ క్రేటు 33 దాకా దిగినా, గిటార్ పలక పగలకుండా బతికిపోయింది; దాని ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) కొనలు మాత్రం మెడ అంచున చేతికి గరుగ్గా తగులుతున్నాయి, అంటే ఫింగర్‌బోర్డు కుంచించుకుందన్నమాట.

లెక్క వేస్తే సిగ్గుపడాల్సినంత సులువు. చెల్లో సంచిలో ఉన్న గాలి, క్రేటంతా గాలే అనుకున్నా, ఘనమీటరులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. 25 డిగ్రీల దగ్గర, 51 శాతం తేమతో ఆ గాలి మొత్తంలో ఉన్న నీరు నాలుగున్నర గ్రాములు. కిలోన్నర పొడి సిలికా జెల్ రెండు వందల గ్రాములకు పైగా నీటిని తాగగలదు. సంచి బయటినుంచి తేమ రానివ్వదు, అందుకే కదా దాన్ని కొన్నాం. మరి ఆ మిగిలిన నీరు ఎక్కడినుంచి వస్తుంది? చెల్లో చెక్కలోంచి. సగం తేమ ఉన్న గదిలో ఉంచిన చెక్క తన బరువులో సుమారు 9 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. 24 శాతం తేమలో అది 5 శాతానికి దిగుతుంది. ఆ నాలుగు శాతాన్ని మా జెల్ సంచులు నెలరోజులు నిదానంగా పీల్చేశాయి. నేను చెల్లోను నీటినుంచి కాపాడాననుకుంటూ, దాన్ని ఎండబెట్టాను.

చెక్క నార పొడవునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. చెల్లో ముందు పలక స్ప్రూస్ అనే తేలికపాటి చెక్క. కింది భాగంలో దాని వెడల్పు 44 సెంటీమీటర్లు. నాలుగు శాతం నీరు పోతే ఆ వెడల్పులో రెండు మిల్లీమీటర్లకు పైగా తగ్గాలని చూస్తుంది. పక్క పలకలు నార వెంట వంచినవి కాబట్టి అవి తగ్గవు, తగ్గనివ్వవు. అందుకే చెల్లో చేసేవాళ్లు ముందు పలకను జంతు చర్మపు జిగురుతో, అదీ కాస్త పలచగా అతికిస్తారు. పలక పగిలే కన్నా అతుకు వదలడం మేలని. మా చెల్లో ఎడమ పక్క సరిగ్గా అదే చేసింది. కుడి పక్క శాడిల్ అడ్డం వచ్చింది. ఎబొనీ ముక్కలో నార పలక వెడల్పు దిశలో ఉంటుంది, అది కుంచించుకోదు; దాని చుట్టూ కోసి కూర్చిన స్ప్రూస్ కుంచించుకుంటుంది. రెంటి మధ్య సన్నని సందు వదిలి ఉంటే సరిపోయేది, ఈ చెల్లోలో వదల్లేదు. అందుకే చీలిక ఆ మూలనుంచే బయలుదేరింది. దెబ్బవల్ల వచ్చిన చీలికైతే తగిలిన చోట గుంట, లేచిన చెక్క పెళ్లలు, వార్నిష్ రాలిన గుర్తు ఉంటాయి. ఇక్కడ వెంట్రుక లాంటి గీత, రెండు అంచులూ శుభ్రంగా ఉన్నాయి. బాగుచేసే నిపుణుడు దాన్ని చూసిన అర నిమిషంలో, ఇది ఎండిన చీలికే అన్నారు.

వీణ సంగతి వేరు. దాని 24 ఇత్తడి మెట్లు మైనం మీద నిలబడతాయి. ఆ మైనంలో ప్రధానమైన తేనెమైనం 62 డిగ్రీలకు గానీ కరగదు, కానీ అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. సరుకు దించాక గోదామువాళ్లు అయిదు క్రేట్లను నేలమీద ఉంచి, తేలిగ్గా ఉందని ఆరో క్రేటును రేకుల కప్పు కిందున్న పై అరలో పెట్టారు, అదీ బాణం గుర్తును పట్టించుకోకుండా పక్కకు పడుకోబెట్టి. లాగర్‌లో మధ్యాహ్నపు వేడిమి పదమూడు రోజులు 44 డిగ్రీలు దాటింది, ఒక రోజు 47. మెత్తబడిన మైనంలో మెట్లు తమ బరువుకే నేల వైపు వాలాయి, చల్లబడ్డాక అట్లాగే గట్టిపడ్డాయి. నెమ్మదిగా ఒరిగించిన క్రేటుకు షాక్ లేబుల్ ఎర్రబడదు. దానికి ఒరుగు చూపే లేబుల్ వేరే ఉంటుంది, మేం దాన్ని అంటించలేదు. ఒప్పందంలో మేం రాసిన మాట ‘పొడి గోదాము’. గోదాము పొడిగానే ఉంది. వేడి గురించి మేమే ఒక్క ముక్క రాయలేదు.

బీమా దగ్గర

రవాణా బీమా అన్నిటికన్నా విశాలమైన ‘ఏ’ క్లాజు కింద ఉంది. అది ఉంటే ఏం జరిగినా డబ్బు వస్తుందని ఖాతాదారులు నమ్ముతారు, నమ్మించేవాళ్లూ ఉంటారు. సరిపోని ప్యాకింగ్, సరుకు సహజ స్వభావం వల్ల వచ్చే నష్టం, ఆలస్యం వల్ల వచ్చే నష్టం ఆ క్లాజులోనే మినహాయింపులు. ఎండి పగలడాన్ని సర్వేయరు చెక్క స్వభావమనీ అనగలరు, ప్యాకింగ్ లోపమనీ అనగలరు. రెండో మాటే సరైనదని నేనే ఒప్పుకున్నాను. వీణది ఇంకో చిక్కు. సముద్ర సరుకుకు ఈ బీమా, చివరి రేవులో ఓడనుంచి దించిన 60 రోజులకు మించి ఉండదు, మామూలు ప్రయాణక్రమం దాటి మనం కోరి నిల్వ పెట్టుకుంటే అంతకన్నా ముందే ముగుస్తుంది. మా నాలుగు నెలల నిల్వకు వేరే పాలసీ తీసుకోవాలని బృందానికి చెప్పాల్సింది మేమే. చెప్పలేదు.

ఓడ సంస్థను అడిగే దారి కూడా లేదు. సముద్ర రవాణాలో ఓడ సంస్థ బాధ్యతను నిర్ణయించే హేగ్-విస్బీ నియమాల ప్రకారం పైకి కనిపించని నష్టాన్ని సరుకు అందిన మూడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపకపోతే, సరుకు మంచి స్థితిలో అందినట్టే ప్రాథమికంగా లెక్క. మేం క్రేట్లు తెరిచింది నాలుగు నెలల తర్వాత. తెలిపినా పరిహారానికి పరిమితి ఉంది: ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే ప్రమాణం), లేదా కిలోకు 2 ఎస్‌డీఆర్, ఏది ఎక్కువైతే అది. విమానంలో పంపి ఉంటే, విమాన రవాణాకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం కింద 2024 డిసెంబరు 28 నుంచి కిలోకు 26 ఎస్‌డీఆర్, ఫిర్యాదుకు 14 రోజులు. బరువు లెక్కన నష్టం కట్టే ఈ పద్ధతిలో మూడు కిలోల చెల్లో కన్నా మూడు కిలోల ఇనుప మేకులే న్యాయం పొందుతాయి. చెల్లో మరమ్మతు, వీణకు మళ్లీ మేళం కట్టించే (మైనంలో మెట్లు కొత్తగా అమర్పించే) ఖర్చు రెండూ మా సంస్థే భరించింది. గోదామువాళ్లు బాణం గుర్తు ఉల్లంఘనకు వీణ ఖర్చులో సగం ఇచ్చారు.

బాగుచేసిన తీరు, మార్చుకున్న పని

చీలికను వెంటనే అతికించవద్దని నిపుణుడు ఆపారు. ఎండిన పలకను లాగి అతికిస్తే, తర్వాత తేమ ఎక్కినప్పుడు ఉబ్బి ఇంకో చోట తంటా తెస్తుంది. చెల్లోను 50 శాతం తేమ ఉన్న గదిలో, తీగలు వదులుగా, మూడు వారాలు ఉంచారు. పద్దెనిమిదో రోజున వెళ్లి చూస్తే, మొదటి రోజు కాగితం దూరిన ఆ చీలికలో వెంట్రుక కూడా దూరలేదు. అది తనంతట తానే మూసుకుంది. అప్పుడు వేడి జిగురు దింపి, లోపలినుంచి చిన్న స్ప్రూస్ తునకలతో బలపరిచి, శాడిల్ రెండు పక్కలా గోరు మందంలో సగం సందు తీశారు.

సిలికా జెల్‌ను నేను మానేయలేదు, పొడిగా పెట్టడం మానేశాను. ఇప్పుడు జెల్‌ను పళ్లేల్లో పరిచి 50 శాతం తేమ ఉన్న గదిలో ఉంచి, రోజూ తూచి, బరువు కదలడం ఆగాకే సంచుల్లో నింపుతాం. అట్లా నానిన జెల్ సంచిలో తేమ పెరిగితే తీసుకుంటుంది, తగ్గితే ఇస్తుంది. నీటిని పీల్చేసే పని చెయ్యాల్సిన కాల్షియం క్లోరైడ్ గొట్టాలు సంచికి బయట, కంటైనర్ గోడలకు వేలాడతాయి. తెరవడంలోనూ తొందర లేదు. చలి ప్రదేశంలో 5 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి 22 డిగ్రీల గదిలోకి వస్తే సుమారు 26 శాతానికి పడిపోతుంది, చల్లటి వాద్యాన్ని తేమ గదిలో తెరిస్తే వార్నిష్ మీద నీరు పడుతుంది. కాబట్టి క్రేటు గదిలోకి చేరాక ఇరవై నాలుగు గంటలు సంచి విప్పం. గోదాము ఒప్పందంలో ‘పొడి’ అన్న మాట పోయి, వేడిమి 15 నుంచి 25 డిగ్రీలు, తేమ 40 నుంచి 60 శాతం, నేలమీది అర, పదిహేను రోజులకోసారి లాగర్ రికార్డు పంపడం అన్న మాటలు వచ్చాయి. మొదటి రికార్డులోనే గీత దిగినట్టు కనిపించి ఉంటే, నాలుగు నెలలు ఆగకుండా అప్పుడే సంచి విప్పి నాలుగో క్రేటును కాపాడుకునే వీలుండేది.

వీణ క్రేటు రూపమే మార్చాం. పైమూతను ఇంటి కప్పులా రెండు వాలుల్లో కట్టి, పక్క పలకల మీద కూడా బయటికి పొడుచుకొచ్చే అడ్డకర్రలు బిగించాం. దాని మీద ఇంకో పెట్టె నిలవదు, దాన్ని పక్కకు పడుకోబెడితే ఆ కర్రల మీద ఊగుతుంది తప్ప కుదురుగా ఉండదు. పోయిన నెల అదే గోదాములో దాన్ని చూశాను. బాణం గుర్తు మీద ఎవరో దుమ్ములో వేలితో లెక్కలు వేసుకున్నారు గానీ, క్రేటు మాత్రం నేలమీద, నిటారుగానే ఉంది.